రమ్మీ (పదమూడు ముక్కల ఆట)

రమ్మీ ఒక పేకాట. ఆటగాళ్ళు పదమూడేసి ముక్కలు పంచుకొని ఆడే ఈ ఆట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మిక్కిలి ప్రాచుర్యం పొందినది. తెలుగునాట "పేకాట" అనగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది ఇదే. చేతిలోని ముక్కలను వరుసలుగాను, సెట్లుగాను కూర్చి అందరికంటే ముందుగా చూపినవారు గెలుస్తారు. మిగిలినవారి చేతిలో కూర్పు కుదరక మిగిలిపోయిన ముక్కల విలువ వారి లెక్కలో చేరుతుంది. అనగా ఎక్కువ పాయింట్లు సంపాదించుట కాక, తక్కువ పాయింట్లతో బయటపడుట ఈ ఆట లక్ష్యం. కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా మరచిపోయే విషయం కూడా ఇదే. ఈ వ్యాసంలో ఆట నియమాలు, ప్రారంభకులకు ఉపయోగపడే వ్యూహం, దాని వెనుకనున్న లెక్క, ఆటకు సంబంధించిన చట్టాలు వివరించబడినవి.

చరిత్ర

రమ్మీ కుటుంబానికి చెందిన ఆటలకు మూలం 19వ శతాబ్దంలో మెక్సికోలోను, దానికి పొరుగున ఉన్న అమెరికా ప్రాంతాలలోను ఆడిన కాన్‌క్వియన్ అనే ఆట అని సాధారణంగా భావిస్తారు. 20వ శతాబ్దంలో దీని నుండి జిన్ రమ్మీ మొదలైన అనేక రూపాలు ఏర్పడినవి. రెండు పేకలు, జోకర్లు, పదమూడు ముక్కలతో కూడిన రూపం భారతదేశంలో స్థిరపడినది.

అయితే ఉత్తరాంధ్రకు పేకముక్కల పరిచయం రమ్మీతో మొదలు కాలేదు. శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు ఆవల, నేడు ఒడిషాలో ఉన్న పర్లాకిమిడి, చేతితో చిత్రించిన గుండ్రని గంజిఫా ముక్కలకు పేరు పొందినది. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గంజిఫాలో ఒక్కొక్క రంగుకు రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెలు కలిపి 12 ముక్కలు ఉంటాయి. దశావతార గంజిఫాలో పది రంగులు, మొత్తం 120 ముక్కలు.

నేడు వాడుకలో ఉన్న 52 ముక్కల పేక ఐరోపా నుండి వచ్చినది. తెలుగులో దీని నాలుగు రంగులను ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు అంటారు. వీటిలో కళావరు అనే మాట డచ్చి భాషలోని క్లావర్ అనే మాటను, ఆఠీను అనేది హార్టెన్ అనే మాటను పోలి ఉండుట గమనించదగినది. విజయనగరానికి సమీపంలోని భీమునిపట్నంలో 17వ శతాబ్దం నుండి డచ్చివారి వర్తక స్థావరం ఉండేది. అది 1825లో ఆంగ్లేయుల వశమైనది.

19వ శతాబ్దం చివరి నాటికే పేకాట ఈ ప్రాంతపు జీవితంలో భాగమైనదనుటకు సాహిత్యంలో సాక్ష్యం కలదు. విజయనగరంలో 1892లో తొలిసారిగా ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరిగి ప్రచురించబడిన గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంలో మధురవాణి, పోలిశెట్టి తదితరులు పేకాడే సన్నివేశం ప్రసిద్ధమైనది. "తురుఫు ముక్క", "బేస్తు పడుట" వంటి పేకాట మాటలు తెలుగు వాడుక భాషలో జాతీయాలుగా స్థిరపడినవి.

ఆటకు కావలసినవి

ఇద్దరి నుండి ఆరుగురి వరకు ఈ ఆట ఆడవచ్చును. రెండు పేకలు కలిపి వాడతారు. పేకకు ఒక అచ్చు జోకరు చొప్పున చేర్చితే మొత్తం 106 ముక్కలు అవుతాయి. ముక్కలను బాగా కలిపి, కోసి, ఒక్కొక్కరికి పదమూడు చొప్పున పంచుతారు. మిగిలిన కట్ట నుండి ఒక ముక్కను తెరిచి దానిని ఆ ఆటకు జోకరుగా నిర్ణయిస్తారు. ఉదాహరణకు డైమండు 4 తెరిస్తే అన్ని రంగుల నాలుగులూ జోకర్లే. కట్టను బోర్లా ఉంచి, దాని పక్కన ఒక ముక్కను తెరిచి పెడతారు.

ఆటగాడు తన వంతు రాగానే బోర్లా ఉన్న కట్ట నుండి గాని, తెరిచిన కుప్ప నుండి గాని ఒక ముక్క తీసుకొని, చేతిలోని ఒక ముక్కను తెరిచిన కుప్పపై పారవేస్తాడు. చేయి పూర్తయినవాడు పద్నాలుగవ ముక్కను బోర్లా పెట్టి తన ముక్కలను చూపుట "షో" అనబడుతుంది.

కూర్పులు

వరుస: ఒకే రంగులో మూడు లేదా అంతకంటే ఎక్కువ ముక్కలు అంకెల క్రమంలో ఉండుట. ఉదాహరణ: ఇస్పేటు 7, 8, 9. ఆసును 2, 3లతో గాని, రాజు, రాణిలతో గాని కలపవచ్చును. అయితే రాజు, ఆసు, 2 వరుస చెల్లదు.

అసలు వరుస: జోకరు సహాయం లేకుండా ఏర్పడిన వరుస. దీనిని ఆటగాళ్ళు ప్యూర్ సీక్వెన్సు అని, లైఫ్ అని అంటారు. షో చేయుటకు ఇది ఒక్కటైనా తప్పనిసరి.

రెండవ వరుస: అసలు వరుస కాక ఇంకొక వరుస కూడా ఉండవలెను. ఇందులో జోకరు వాడవచ్చును.

సెట్టు: ఒకే అంకె గల మూడు లేదా నాలుగు వేర్వేరు రంగుల ముక్కలు. ఉదాహరణ: ఇస్పేటు 8, ఆఠీను 8, కళావరు 8. ఒకే రంగు ముక్క రెండుసార్లు రాకూడదు.

రెండు వరుసలు ఏర్పడిన తరువాత మిగిలిన ముక్కలను వరుసలుగా గాని, సెట్లుగా గాని కూర్చవచ్చును.

పాయింట్ల లెక్క

ఆసు, రాజు, రాణి, జాకీలకు ఒక్కొక్కదానికి 10 పాయింట్లు. అంకెల ముక్కలకు వాటి అంకె ఎంతో అన్ని పాయింట్లు. జోకర్లకు విలువ లేదు. ఒక ఆటలో గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి. ఓడినవారి చేతిలో అసలు వరుస లేనిచో, మిగిలిన కూర్పులు ఎంత బాగున్నా అన్ని ముక్కలనూ లెక్కిస్తారు. అసలు వరుస ఉండి రెండవ వరుస లేనిచో అసలు వరుసను మాత్రమే మినహాయిస్తారు. తప్పు షో చేసినవారికి 80 పాయింట్లు పడతాయి.

ముక్కలు బాగులేవని తోచినవారు ఆట నుండి తప్పుకొనవచ్చును. దీనిని డ్రాప్ అంటారు. 101 పాయింట్ల ఆటలో ఒక్క ముక్క కూడా తీయకముందే తప్పుకొంటే 20, ఆ తరువాత తప్పుకొంటే 40 పాయింట్లు పడతాయి. 101 పాయింట్లు చేరినవారు ఆట నుండి తొలగుతారు. ఇంటింటికి, క్లబ్బు క్లబ్బుకు ఈ అంకెలలో స్వల్ప భేదాలు ఉంటాయి గనుక ఆట మొదలుకాక ముందే వీటిని అందరూ ఒప్పుకొనుట మంచిది.

ప్రారంభకులకు వ్యూహం

ఆడాలా, తప్పుకోవాలా

ముక్కలు అందిన వెంటనే తీసుకొనే నిర్ణయమే ఆటలో అన్నింటికంటే ముఖ్యమైనది. కొత్తవారు ప్రతి ఆటా ఆడవలెనని అనుకొంటారు. కాని 20 పాయింట్లతో తప్పుకొనుట నాలుగుసార్లు జరిగితే ఎంత నష్టమో, చెడ్డ చేతితో పట్టుదలగా ఆడి ఒక్కసారి పూర్తి లెక్క ఇచ్చుకొంటే అంతే నష్టం. 101 పాయింట్ల ఆటలో ఐదుసార్లు తప్పుకొన్నవాడు 100 వద్ద ఇంకా నిలిచి ఉంటాడు. ఒకసారి 80, ఒకసారి 20 ఇచ్చుకొన్నవాడు రెండు ఆటలలోనే ఆ స్థితికి చేరుకొంటాడు.

దీనిని లెక్కగా చూడవచ్చును. ఒక చేతితో నాలుగింట ఒకసారి గెలిచే అవకాశం ఉన్నదని, ఓడినప్పుడు సగటున 40 పాయింట్లు పడతాయని అనుకొందాము. అప్పుడు సగటు నష్టం 30. అది 20 కంటే ఎక్కువ గనుక తప్పుకొనుటే మేలు. అదే గెలుపు అవకాశంతో, ఓడినప్పుడు పడేది 24 మాత్రమే అయితే సగటు నష్టం 18. అప్పుడు ఆడవచ్చును. చేతిలో అసలు వరుస ముందే ఉండుట, లేదా జోకరుతో పాటు రెండు మూడు చోట్ల వరుసకు దగ్గరగా ముక్కలు ఉండుట ఆడదగిన చేతికి గుర్తులు. ఆటగాళ్ళ సంఖ్య పెరిగినకొద్దీ గెలిచే అవకాశం తగ్గును గనుక ఇద్దరి ఆటలో ఆడదగిన చేయి ఆరుగురి ఆటలో తప్పుకోదగినది కావచ్చును. ఎప్పుడూ తప్పుకొంటూ పోయినా చివరకు ఓటమి తప్పదు గనుక మంచి చేయి వచ్చినప్పుడు ఆడుటకు వెనుకాడరాదు.

ముందు అసలు వరుస

అసలు వరుస లేనంత వరకు చేతిలోని మూడు రాణుల సెట్టు కూడా 30 పాయింట్ల బరువే. కాబట్టి మొదటి ప్రయత్నమంతా అసలు వరుస మీదనే ఉండవలెను. రెండు ముక్కలు ఉన్నప్పుడు మూడవ ముక్క దొరికే అవకాశం ఎంతో ఈ విధంగా లెక్కించవచ్చును. రెండు పేకలు వాడుతున్నందున ప్రతి ముక్కా రెండేసి ఉంటుంది.

ఇస్పేటు 5, 6 ఉంటే 4 గాని, 7 గాని పనికివస్తుంది. మొత్తం 4 ముక్కలు.

ఇస్పేటు 5, 7 ఉంటే 6 మాత్రమే పనికివస్తుంది. మొత్తం 2 ముక్కలు.

ఆసు, 2 ఉంటే 3 మాత్రమే పనికివస్తుంది. మొత్తం 2 ముక్కలు.

ఇస్పేటు 8, ఆఠీను 8 ఉంటే డైమండు, కళావరు ఎనిమిదులు పనికివస్తాయి. మొత్తం 4 ముక్కలు.

ఇస్పేటు 7, 8, ఆఠీను 7 ఉంటే ఇస్పేటు 6, 9, కళావరు 7, డైమండు 7 పనికివస్తాయి. మొత్తం 8 ముక్కలు.

పక్కపక్క ముక్కలు, మధ్య అంకెలు, రెండు వైపులా ఉపయోగపడే ముక్కలు ఎందుకు విలువైనవో ఈ లెక్క వలన తెలుస్తుంది. జంటకు, పక్కపక్క ముక్కలకు అవకాశం సమానమే అయినా, జంట నుండి అసలు వరుస రాదు. కనుక రెండింటిలో ఒకటి వదలవలసి వస్తే మొదటి దశలో జంటను వదలుట మంచిది.

బరువు ముక్కలు దించుట

ఒంటరిగా ఉన్న ఆసు, రాజు, రాణి, జాకీలను తొలి చుట్లలోనే పారవేయవలెను. ఒక రాజు ముక్క బదులు 2 చేతికి వస్తే, కూర్పు ఏమీ కుదరకపోయినా 8 పాయింట్ల భారం తగ్గినట్లే. మూడు చుట్లు చూసినా కలవని పెద్ద ముక్కల జతను కూడా వదలివేయుట మేలు. "ఇంకొక్క ముక్క వస్తే చాలు" అనే ఆశతో బొమ్మ ముక్కలు పట్టుకొని కూర్చొనుట కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు.

జోకరు వాడకం

డైమండు 4ను జోకరుగా తెరిచినప్పుడు మిగిలిన 105 ముక్కలలో నాలుగులు 7, అచ్చు జోకర్లు 2, మొత్తం 9 జోకర్లు ఉంటాయి. పదమూడు ముక్కలు అందుకొన్న ఆటగాడికి సగటున ఒకటి కంటే కొంచెం ఎక్కువ జోకర్లు వస్తాయి. ఒక్క జోకరు కూడా రాని అవకాశం సుమారు 29 శాతం. అనగా జోకరు లేని చేయి అరుదైన దురదృష్టమేమీ కాదు. జోకర్లను రెండవ వరుసకు, బరువైన సెట్లకు వాడవలెను. ముందే అసలు వరుసగా ఏర్పడిన ముక్కలకు జోకరు తగిలించుట వృథా.

ఎదుటివారి ముక్కలు గమనించుట

తరువాతి ఆటగాడు తెరిచిన కుప్ప నుండి ఇస్పేటు 9 తీసుకొన్నాడంటే అతడు దానితో వరుస గాని, సెట్టు గాని కడుతున్నాడని అర్థం. అప్పటి నుండి ఇస్పేటు 7, 8, 10, జాకీలను, ఇతర రంగుల తొమ్మిదులను అతనికి అందేలా పారవేయరాదు. అతడు వదిలిన ముక్కల వంటివి సాధారణంగా ప్రమాదం లేనివి. జోకరుకు ఇరుపక్కల ఉన్న అంకెలు కూడా కొంతవరకు అట్టివే. నాలుగులు జోకర్లయినప్పుడు వాటిని 3, 5ల నడుమ అసలు ముక్కగా వాడేవారు తక్కువ. ఏ ముక్కలు పడిపోయినవో జ్ఞాపకం ఉంచుకొంటే రాని ముక్క కోసం ఎదురుచూచుట తప్పుతుంది. ఇస్పేటు 6 రెండూ కుప్పలో పడిపోయిన తరువాత 5, 7 పట్టుకొని ప్రయోజనం లేదు.

ఒక ఉదాహరణ

జోకరు డైమండు 4. ఆటగాడికి ఈ పదమూడు ముక్కలు వచ్చినవి అనుకొందాము: ఇస్పేటు 8, 9, ఆసు, ఆఠీను 2, 3, 9, జాకీ, కళావరు 4, 7, రాణి, రాజు, డైమండు 6, రాజు.

కళావరు 4 జోకరు. మిగిలిన ముక్కల విలువ 94. గరిష్ఠ పరిమితి వలన అది 80గా పరిగణించబడుతుంది. అసలు వరుస లేదు. దానికి దగ్గరగా ఉన్న జతలు మూడు: ఇస్పేటు 8, 9, ఆఠీను 2, 3, కళావరు రాణి, రాజు. వీటికి పనికివచ్చే ముక్కలు జతకు నాలుగు చొప్పున పన్నెండు. ఆఠీను 4 జోకరే అయినా ఆఠీను 2, 3ల పక్కన అసలు ముక్కగానే చెల్లును.

ఆటగాడికి కనబడని ముక్కలు 91. కట్ట నుండి ఐదుసార్లు ముక్క తీస్తే ఈ పన్నెండింటిలో ఒకటైనా దొరికే అవకాశం సగానికి కొంచెం మాత్రమే ఎక్కువ. ఎదుటివారు పారవేసే ముక్కల వలన ఇది కొంత పెరుగుతుంది. అయినా ఐదు చుట్లు గడచిన తరువాత కూడా చేతిలో ఒక్క వరుస లేకుండా ఉండే ప్రమాదం తేలికైనది కాదు. చూపునకు ఒక జోకరు, మూడు జతలతో ఆశాజనకంగా కనిపించే ఈ చేతిని ఆరుగురి ఆటలో 20 పాయింట్లతో వదలుట వివేకం. ఇద్దరి ఆటలో అయితే ఆడవచ్చును. అప్పుడు మొదట ఆఠీను జాకీని, తరువాత ఇస్పేటు ఆసును దించి, కళావరు జత త్వరగా కలవనిచో రాజులను, రాణిని కూడా వదలవలెను.

లోబాల్ పోకర్‌తో పోలిక

తక్కువ విలువే గెలుపుగా గల మరొక ఆట అమెరికాలోని లోబాల్ డ్రా పోకర్. కాలిఫోర్నియాలోని గార్డెనా పట్టణపు క్లబ్బులలో 20వ శతాబ్దం మధ్యభాగంలో ఇది ప్రసిద్ధమైనది. ఆటగాడు ఐదు ముక్కలు తీసుకొని, పందెం తరువాత కొన్నింటిని మార్చుకొంటాడు. చివరకు అందరికంటే తక్కువ చేయి గలవాడు గెలుస్తాడు. ఒక పద్ధతిలో ఆసు అన్నింటికంటే చిన్నది, ఆసు నుండి 5 వరకు ఉన్న ఐదు ముక్కలు ఉత్తమమైన చేయి. మరొక పద్ధతిలో ఆసు పెద్దది, వరుసలు, ఒకే రంగు ముక్కలు నష్టం కలిగిస్తాయి, ఒకే రంగు కాని 2, 3, 4, 5, 7 ఉత్తమం.

ప్రారంభకులకు అక్కడ చెప్పే మొదటి పాఠం ఒకటి కంటే ఎక్కువ ముక్కలు మార్చవలసిన చేతిని వదలివేయమనే. మొదటి పద్ధతిలో ఆసు, 2, 3, 4తో పాటు ఒక రాజు ఉన్నవాడు రాజును మార్చినప్పుడు 5, 6, 7, 8లలో ఒకటి వచ్చే అవకాశం 47లో 16, అనగా 34 శాతం. ఇంత మంచి చేయి కూడా మూడింట రెండుసార్లు అంత మంచి ముక్క తేదు. రెండు మూడు ముక్కలు మార్చవలసినవాని స్థితి ఇంకెంత బలహీనమో దీనిని బట్టి ఊహించవచ్చును. రమ్మీలో డ్రాప్ చేసే పనిని అక్కడ ముక్కలు పడవేసి తప్పుకొనుట చేస్తుంది.

చట్టం

రమ్మీ నైపుణ్యంపై ఆధారపడిన ఆటా, లేక జూదమా అనే ప్రశ్నపై ప్రధానమైన తీర్పు తెలుగునేల నుండి వెళ్ళిన కేసులోనే వచ్చినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరు 22న తీర్పు ఇచ్చినది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకొనుటకు, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించుటకు నేర్పు కావాలి గనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట వంటిది కాదని న్యాయస్థానం పేర్కొన్నది. అయితే పందెంతో ఆడే ఆట నుండి ఇంటి యజమాని గాని, క్లబ్బు గాని లాభం పొందుతున్నట్లు రుజువైతే నేరం కాగలదని కూడా అదే తీర్పులో ఉన్నది.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యంతో నిమిత్తం లేకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశవ్యాప్తంగా నిషేధించినది.

నైపుణ్యం, పరిమితి

"నైపుణ్యపు ఆట" అనే మాటను కొందరు "నేర్పు ఉంటే డబ్బు వచ్చే ఆట" అని అర్థం చేసుకొంటారు. ఈ రెండూ ఒకటి కావు. పైన వివరించిన వ్యూహమంతా నష్టాన్ని తగ్గించుటకే గాని, రాని ముక్కను తెప్పించుటకు కాదు. ఇంట్లో ఆడినప్పుడు ఒకరు పోగొట్టుకొన్నదే మరొకరికి వస్తుంది. నిర్వాహకులు ప్రతి ఆటకు కొంత సొమ్ము తీసుకొనే చోట ఆటగాళ్ళందరూ కలిసి చూస్తే నష్టపోయేవారే. పోయిన సొమ్మును రాబట్టుకొనుటకు ఇంకొక ఆట ఆడుట, చెడ్డ చేతిని వదలక 80 పాయింట్లు ఇచ్చుకొనుట ఒకే విధమైన పొరపాటు. సంక్రాంతి, దీపావళి వంటి పండుగ రోజులలో పందెం పేకాటలపై పోలీసు దాడులు జరుగుట, అప్పుల వలన కుటుంబాలు చితికిపోవుట ఈ ఆట చరిత్రలో విడదీయరాని భాగమైనవి.

పందెం లేకుండా కాగితంపై పాయింట్లు రాసుకొంటూ ఆడినప్పుడు రమ్మీ జ్ఞాపకశక్తికి, సంభావ్యత లెక్కలకు మంచి అభ్యాసం. ఆడాలా, తప్పుకోవాలా అనే నిర్ణయాన్ని రాసి ఉంచుకొని, ఆట ముగిసిన తరువాత ఎంత లెక్క పడినదో పోల్చి చూచుట కొత్తవారికి అన్నింటికంటే త్వరగా ఆట నేర్పే పద్ధతి.

ఇవి కూడా చూడండి

పేకాట
గంజిఫా
సంభావ్యత
కన్యాశుల్కం (నాటకం)